సముద్రం లేని రాజు, ఆయన పేరిటి యుద్ధనౌక

హైదరాబాదుకు సముద్రం లేదన్న సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాని సముద్రానికి దారి ఉండేది. ఆ దారి మన కర్మన్‌ఘాట్‌కు కూతవేటు దూరంలోనే పోయేది. గోల్కొండ సుల్తానుల నాటి మచిలీపట్నం బాట హయత్‌నగర్ మీదుగా సాగింది. ఇవాళ దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాటి విజయవాడ బస్సులో కూర్చునే ప్రతివాడూ ఇంచుమించు ఆ పాత బాటనే పట్టుకుంటున్నాడు. వజ్రాలు, అద్దకపు బట్టలు ఇటునుంచి రేవుకు పోయేవి. పరదేశపు సరుకులు, పరదేశపు మనుషులు అటునుంచి వచ్చేవారు.

ఆ తీరం చేజారింది 1766లో. రెండవ నిజాం, అలీఖాన్, ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి ఒప్పందం మీద అప్పజెప్పాడు. గుంటూరు సర్కారు కూడా 1788లో పోయింది. అంతటితో ఆసఫ్‌జాహీల రాజ్యానికి అన్ని దిక్కులా నేలే మిగిలింది. అలాంటి రాజ్యపు ఆఖరి ప్రభువు పేరు ఒక యుద్ధనౌక మీదికి ఎక్కి, మధ్యధరా సముద్రం నుంచి టోక్యో అఖాతం దాకా తిరిగి వచ్చిందంటే వింతగానే ఉంటుంది. ఆ ప్రభువు సంగతి మనకు తెలుసు. ఆ నౌక సంగతి, అందులో పనిచేసిన వాళ్ల సంగతి మన ఊళ్లో ఎంతమందికి తెలుసు? అందుకే ఈ రెండు చరిత్రలనూ ఒకచోట చేర్చి చెప్పుకుందాం.

మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1886లో హైదరాబాదులో పుట్టాడు. తండ్రి ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్. తండ్రి చనిపోగా 1911లో, ఇరవై అయిదేళ్ల వయసులో, గద్దె ఎక్కాడు. అప్పటికి మూడేళ్ల క్రితమే, 1908లో, మూసీ వరద పట్నాన్ని ముంచేసి వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. కొత్త ప్రభువు పాలన ఆ బురదను కడుక్కోవడంతో మొదలైందనుకోవచ్చు. విశ్వేశ్వరయ్యగారి సలహా ప్రకారం మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసా మీద హిమాయత్‌సాగర్ 1927లోను తయారయ్యాయి. మనం గండిపేట నీళ్లని గొప్పగా చెప్పుకునేది ఆ ఉస్మాన్‌సాగర్ నీళ్లే. ఉస్మానియా ఆస్పత్రి, హైకోర్టు, సిటీ కాలేజీ ఆ రోజుల్లో కట్టినవే. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వీటన్నిటికంటే పెద్ద సాహసం. దేశంలో ఇంగ్లీషు తప్ప మరో భాషలో పై చదువు సాధ్యం కాదనుకునే రోజుల్లో ఉర్దూలో వైద్యం, ఇంజనీరింగు కూడా చెప్పించాడు. అందుకోసం ఒక అనువాద శాఖనే పెట్టి వందలాది పుస్తకాలను ఉర్దూలోకి తెప్పించాడు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ రాజ్యంలో జనాభాలో సగానికి దగ్గరగా ఉన్నవాళ్లు తెలుగువాళ్లు. వాళ్ల భాషకు ఆ విశ్వవిద్యాలయంలో దక్కింది ఒక పాఠ్యవిషయపు స్థానమే గాని బోధనాభాష స్థానం కాదు. ఊరి బడిలో పలక పట్టిన తెలుగు పిల్లవాడు పై చదువుకు రావాలంటే ముందు ఉర్దూ గట్టెక్కాలి.

ఆయన పిసినారితనం మీద కథలు కోకొల్లలు. పాత టోపీ, మాసిన షేర్వాణీ, వజ్రాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకోవడం ఇవన్నీ వినీ వినీ మన చెవులు అరిగిపోయాయి. అమెరికా వారి టైమ్ పత్రిక 1937 ఫిబ్రవరిలో ఆయన బొమ్మను అట్ట మీద వేసి, ప్రపంచంలోకెల్లా సంపన్నుడని చాటింది. అయితే ఇంత పొదుపరి ఒక చోట మాత్రం చేయి బార్లా చాపేవాడు. అది బ్రిటిషు ప్రభుత్వానికి యుద్ధ విరాళాల దగ్గర.

ఈ అలవాటు ఆయనతోనే పుట్టింది కాదు. ఎల్.బి.నగర్ వెళ్లే దారిలో మెట్రో స్టేషనుకు విక్టోరియా మెమోరియల్ అని పేరుంది కదా, ఆ పేరు అక్కడి అనాథ శరణాలయం నుంచి వచ్చింది. విక్టోరియా రాణి పోయాక, సరూర్‌నగర్‌లోని తన మహలును అనాథల కోసం ఆమె పేర ఇచ్చినవాడు మహబూబ్ అలీఖాన్. ఆ దానం వల్ల మన ఊళ్లోని అనాథ పిల్లలకు నీడ దొరికింది. కొడుకు నాటికి దానాల తీరు మారింది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు తుర్కీ ఖలీఫా ఇంగ్లీషువారికి ఎదురు నిలిచాడు. దేశంలోని ముస్లిములు ఇంగ్లీషువారి పక్షాన ఉండాలని ఉస్మాన్ అలీఖాన్ ప్రకటన చేశాడు. హైదరాబాద్ లాన్సర్లు సూయజ్‌కు, పాలస్తీనాకు వెళ్లారు. బ్రిటిషు వాయుసేనలోని 110వ స్క్వాడ్రన్‌కు ఆయన డబ్బుతో బాంబర్ విమానాలు వచ్చాయి, దానికి హైదరాబాద్ అని పేరూ వచ్చింది. ప్రతిఫలంగా 1918లో ఆయనకు దక్కినవి రెండు బిరుదులు: మిగతా సంస్థానాధీశుల కంటే ఒక మెట్టు పైన ఉండే ఎగ్జాల్టెడ్ హైనెస్ అన్న గౌరవం, బ్రిటిషు ప్రభుత్వానికి విశ్వాసపాత్రుడైన మిత్రుడన్న పేరు. బీరారు తిరిగి వస్తుందని ఆయన ఆశ. అది రాలేదు.

రెండవ యుద్ధం నాటికీ అదే వరస. 152వ స్క్వాడ్రన్ హైదరాబాద్ పేరు పెట్టుకుని 1940లో స్పిట్‌ఫైర్ విమానాలతో ఇంగ్లాండు దక్షిణ తీరాన్ని కాచింది. దాని చిహ్నంలో నిజాం తలపాగా బొమ్మ ఉంటుంది. గాలిలో అయిపోయింది, ఇక నీళ్లు మిగిలాయి. స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్‌లో జాన్ బ్రౌన్ కంపెనీ ఓడల కార్ఖానాలో 1939 జూలై 27న ఒక డిస్ట్రాయర్‌కు అడుగు పడింది. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తింపుగా దానికి నిజాం అన్న పేరు పెట్టారు. 1940 జూలై 4న నీళ్లలోకి దించారు. 1941 జనవరి 8న కొలువులో చేరింది.

ఈ తేదీల పక్కన మన తేదీలు కూడా పెట్టుకుని చూడాలి, విద్యార్థి మిత్రులు ముఖ్యంగా చూడాలి. ఆ ఓడకు అడుగు పడటానికి ఎనిమిది నెలల ముందు, 1938 నవంబరు, డిసెంబరు నెలల్లో ఉస్మానియా హాస్టళ్లలో విద్యార్థులు వందేమాతరం పాడారు. ప్రార్థనా మందిరంలో పాడకూడదని అధికారులన్నారు. పాడతామని వీళ్లన్నారు. వందలాది మందిని విశ్వవిద్యాలయం నుంచి వెళ్లగొట్టారు. వాళ్లలో చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. తర్వాత దేశానికి ప్రధానమంత్రి అయిన పి.వి.నరసింహారావు ఆ వెళ్లినవాళ్లలో ఒకరు. మరుసటి ఏడు 1939 డిసెంబరు 4న నిజాం స్వయంగా వచ్చి ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభించాడు. ఆ రాతిమేడ అందాన్ని ఇవాళ్టికీ చూసి మురిసిపోతున్నాం. అందులో కూర్చోవలసిన పిల్లలు కొందరు నాగపూర్‌లో ఉన్నారప్పుడు. క్లైడ్‌బ్యాంక్‌లో ఓడకు ఫిరంగులు బిగిస్తున్న 1940లోనే ఆదిలాబాదు అడవుల్లో, జోడేఘాట్‌లో, కొమరం భీమును నిజాం పోలీసులు కాల్చి చంపారు.

ఓడకు పోయిన డబ్బు ఏ పెట్టెలోంచి తీస్తేనేం? పట్నం చుట్టూ ఉన్న అత్రాఫె బల్దా పల్లెలు నిజాం సొంత కమతం, సర్ఫెఖాస్. మిగతాది దివాణీ, జాగీర్లు. ఎక్కడైనా సరే, రైతు శిస్తు కట్టాలి, పైన వెట్టి చేయాలి. సముద్రం కంటితో చూడని మనిషి కష్టం ఏదో ఒక రూపాన ఆ ఓడ ఉక్కులో ఉందని నా నమ్మకం.

ఇక ఓడ. డిస్ట్రాయర్ అంటే పెద్ద బాటిల్‌షిప్పు కాదు. బాటిల్‌షిప్పు ఏనుగు అనుకుంటే ఇది దాని చుట్టూ తిరిగే వేటకుక్క. జలాంతర్గాముల్ని పసిగట్టడం, విమానాల మీద కాల్పులు జరపడం, సరుకు ఓడలకు కాపలా కాయడం, అవసరమైతే తానే లారీలాగా మనుషుల్ని మోయడం దీని పనులు. నిజాం పొడవు 356 అడుగులు, వెడల్పు 36 అడుగుల లోపు. 4.7 అంగుళాల ఫిరంగులు ఆరు. గంటకు 36 నాట్ల వేగం, అంటే 66 కిలోమీటర్ల పైమాట. ఇంత సన్నటి ఓడలో రెండు వందల మందికి పైగా ఉండేవారు. ఓడ సొత్తు బ్రిటిషు నౌకాదళానిది. నడిపించినవాళ్లు మాత్రం ఆస్ట్రేలియావాళ్లు. మొదటి కెప్టెను లెఫ్టినెంట్ కమాండర్ మాక్స్ క్లార్క్ కూడా ఆస్ట్రేలియా నౌకాదళం మనిషే. సిడ్నీ, మెల్‌బోర్న్ కుర్రాళ్లు తమ టోపీ పట్టీకి హెచ్.ఎం.ఏ.ఎస్. అన్న అక్షరాలు తగిలించుకుని నిజాం మనుషులైపోయారు. చార్మినార్ ఎక్కడుందో వాళ్లకు తెలియదు. చార్మినార్ కింద తిరిగేవాళ్లకు వాళ్లెవరో తెలియదు.

కొలువులో చేరి అయిదు నెలలు తిరగకుండానే క్రీట్ ద్వీపం దగ్గర పరీక్ష ఎదురైంది. 1941 మే నెలలో జర్మన్లు ఆకాశం నుంచి పారాచూట్ దళాల్ని దించి ఆ ద్వీపాన్ని పట్టుకున్నారు. ఓడిపోయిన బ్రిటిషు, ఆస్ట్రేలియా, న్యూజిలాండు సైనికులు కొండలు దాటి దక్షిణాన స్ఫాకియా అనే బెస్తపల్లెకు చేరి ఓడల కోసం ఎదురు చూశారు. రాత్రిపూట చీకట్లో వచ్చి, తెల్లవారేలోగా వీలైనంత దూరం వెళ్లిపోవాలి. తెల్లారితే పైన విమానాలు. మే 28 రాత్రి నేపియర్, నిజాం, కెల్విన్, కాందహార్ అనే నాలుగు డిస్ట్రాయర్లు వచ్చి ఏడు వందల పైచిలుకు మందిని తీసుకెళ్లాయి. నేపియర్ ఎక్కినవాళ్ల లెక్క రాస్తే అందులో ఇద్దరు పిల్లలు, ఒక కుక్క కూడా తేలాయట. రెండు రోజుల తర్వాత అవే నాలుగూ మళ్లీ బయల్దేరాయి. దారిలో కాందహార్ యంత్రం చెడింది. కెల్విన్‌కు పక్కనే పడిన బాంబు దెబ్బ తగిలింది. రెండూ వెనక్కి మళ్లాయి. మిగిలిన నేపియర్, నిజాం వెళ్లి, ఒక్కొక్కటి సుమారు 700 మందిని ఎక్కించుకున్నాయి. రెండు వందల మంది ఉండే చోట మరో ఏడు వందల మంది! డెక్కు మీద కాలు పెట్టే సందు ఉండి ఉండదు. మర్నాడు విమానాల దాడిని తప్పించుకుంటూ అలెగ్జాండ్రియా చేరారు. క్రీట్ చుట్టుపక్కల ఆ కొద్ది రోజుల్లో బ్రిటిషు నౌకాదళం మూడు క్రూయిజర్లను, ఆరు డిస్ట్రాయర్లను పోగొట్టుకుంది. పద్ధెనిమిది వందల మందికి పైగా నావికులు పోయారు. నిజాం తిరిగి వచ్చింది.

ఆ తర్వాత టోబ్రుక్. లిబియా తీరంలో ముట్టడిలో చిక్కిన ఆ కోటలో ఉన్నదీ ఎక్కువగా ఆస్ట్రేలియా సైనికులే. వెన్నెల లేని రాత్రులు చూసుకుని డిస్ట్రాయర్లు తిండి, మందుగుండు తీసుకుపోయేవి, గాయపడినవాళ్లను తీసుకొచ్చేవి. మనం అమావాస్యకు ప్రయాణం వద్దంటాం, వాళ్లకు అమావాస్యే మంచి ముహూర్తం.

1942 జనవరిలో జావాకు హరికేన్ విమానాలు చేరవేసిన ఇండామిటబుల్ అనే విమానవాహక నౌకకు కాపలాగా నిజాం ఈ వైపు వచ్చింది. ఆ ఏడు యుద్ధం తెలుగు గడప తొక్కింది. ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. 1766లో నిజాములు వదులుకున్న తీరమే అది. మన హైదరాబాద్ పటాలం కథ ఇంకా బాధాకరం. 1941 డిసెంబరులో మలయాలోని కోటాబారు దగ్గర విమానాశ్రయం కాపలాలో ఉన్న హైదరాబాద్ సిపాయిలు జపాను మొదటి దెబ్బ తిన్నారు. సింగపూర్ పడిపోయాక ఖైదీలయ్యారు. నిజాం పేరున్న ఓడలో హైదరాబాదీలు లేరు గాని నిజాం జీతం తిన్న హైదరాబాదీలు ఆ యుద్ధంలో లేకపోలేదు.

1942 జూన్‌లో మాల్టాకు సరుకు చేరవేసే ప్రయత్నంలో నిజాం మళ్లీ మధ్యధరాకు వెళ్లింది. ఆ ప్రయత్నం విఫలమైంది. నెస్టర్ అనే తోటి ఆస్ట్రేలియా డిస్ట్రాయర్ బాంబు దెబ్బకు మునిగింది. ఆ తర్వాత నిజాం మడగాస్కర్ దండయాత్రలో ఉంది, హిందూ మహాసముద్రంలో, దక్షిణ అట్లాంటిక్‌లో కాపలాలు తిరిగింది. ఈ రెండేళ్లూ నావికుడి బతుకులో అధికభాగం ఎదురుచూపే. చెప్పుకోవడానికి కథలుండవు, ఉప్పునీళ్లూ కాపలా గంటలూ తప్ప.

బాంబులు చేయలేని పని ఒక అల చేసింది. 1945 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా నైరుతి కొసన కేప్ లీవిన్ దగ్గర పోతుండగా ఒక మహాతరంగం ఓడను పక్కకు పడదోసింది. దాదాపు పడుకున్నంత పనైంది ఓడకు. మళ్లీ లేచి నిలబడింది గాని, డెక్కు మీదినుంచి పది మంది కొట్టుకుపోయారు. పది మందీ ఆస్ట్రేలియా నావికులు, క్రీట్, టోబ్రుక్ చూసిన ఓడలో, సొంత దేశపు తీరం దగ్గర. కాన్‌బెర్రాలోని యుద్ధ స్మారక మందిరంలో మృతుల పేర్లను వాళ్లు పనిచేసిన పటాలం, ఓడల వారీగా కంచు పలకల మీద వేస్తారు, హోదాలు రాయరు. ఆ గోడ మీద మన నిజాం పేరు ఉంది, దాని కింద ఆ పది పేర్లు ఉన్నాయి. మన పట్నంలో ఆయన పేరున్న చోట్లు లెక్కలేనన్ని. పరాయి దేశంలో ఆ పేరు కింద కన్నీళ్లు పెట్టుకునే కుటుంబాలున్నాయని మనం ఎరగం.

ఆ ఏడే నిజాం బ్రిటిషు పసిఫిక్ నౌకాదళంలో చేరింది. 1945 సెప్టెంబరు 2న మిస్సూరీ నౌక మీద జపాను లొంగుబాటు సంతకాలు చేసినప్పుడు టోక్యో అఖాతంలో లంగరు వేసి ఉన్న మిత్రరాజ్యాల నౌకల్లో నిజాం ఒకటి. అక్టోబరులో ఆస్ట్రేలియావారు దాన్ని బ్రిటిషువారికి అప్పగించారు.

విశ్వాసపాత్రుడైన మిత్రుడికి మాత్రం యుద్ధం ముగిశాక మిత్రులు కరువయ్యారు. ఓడ నీళ్లలోకి దిగిన రోజుకు సరిగ్గా ఆరేళ్లకు, 1946 జూలై 4న, కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు బలయ్యాడు. తెలంగాణా రైతాంగం తిరగబడింది. 1947లో ఇంగ్లీషువారు పెట్టేబేడా సర్దుకున్నారు. ఇన్ని విమానాలు, ఇంత ఓడ ఇచ్చినందుకు తన స్వతంత్రానికి అండ ఉంటారని నిజాం అనుకున్నాడు. వాళ్లు చేతులు దులుపుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు సముద్రం! గోవాలోని మార్మగోవా రేవు కోసం పోర్చుగీసువారితో సంప్రదింపులు సాగాయి. ఏదీ తేలలేదు. రేవు లేని రాజ్యానికి ఆయుధాలు ఆకాశం నుంచి రావలసి వచ్చింది. 1948లో కరాచీ నుంచి బీదరుకు, వరంగల్లుకు రాత్రిళ్లు విమానాల్లో తుపాకులు చేరవేసినవాడు సిడ్నీ కాటన్. ఆయనా ఆస్ట్రేలియావాడే కావడం విచిత్రం. మునుపటి ఆస్ట్రేలియావాళ్లు నిజాం పేరు పెట్టుకుని ఆపదలో ఉన్నవాళ్లను దాటించారు. ఈయన డబ్బు పుచ్చుకుని రజాకార్ల రాజ్యానికి మందుగుండు దాటించాడు.

1948 సెప్టెంబరు 13న భారత సేనలు కదిలాయి. 17న నిజాం లొంగిపోయాడు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో సర్ఫెఖాస్ ప్రభుత్వంలో కలిసింది, ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. 1950 జనవరి 26 నుంచి ఆయన రాజప్రముఖ్. తాను పాలించిన రాజ్యంలో తానే సంతకాలు పెట్టే పెద్దమనిషి. 1955 నవంబరులో ఇంగ్లాండులోని గ్రేస్ అనే చోట నిజాం ఓడను తుక్కు కింద విరగ్గొట్టడానికి చేర్చారు. మరో ఏడాదికి, 1956 నవంబరు 1న, హైదరాబాద్ రాజ్యాన్ని మూడు ముక్కలు చేసి మూడు రాష్ట్రాల్లో కలిపారు. రాజప్రముఖ్ పదవి కూడా పోయింది.

ఆయన ఇచ్చిన చివరి యుద్ధ విరాళం గురించి ఒక కథ ఇప్పటికీ ఊరంతా తిరుగుతూ ఉంది. 1965లో లాల్ బహదూర్ శాస్త్రి అడిగితే అయిదు టన్నుల బంగారం దేశరక్షణ నిధికి ఉచితంగా ఇచ్చాడని, ఇనప్పెట్టెలు మాత్రం తిరిగి పంపమన్నాడని. ఎల్.బి.నగర్‌కు పేరు ఇచ్చిన శాస్త్రిగారే కాబట్టి మన వైపు ఈ కథకు గిరాకీ ఇంకా ఎక్కువ. సమాచార హక్కు చట్టం కింద అడిగితే తేలింది వేరు. అలాంటి దానం ఏదీ లెక్కల్లో లేదు. ఆయన 425 కిలోల బంగారం పెట్టింది బంగారు బాండ్లలో, ఆరున్నర శాతం వడ్డీకి. అది తప్పేమీ కాదు. పొదుపరి మనిషి పొదుపుగానే ఉన్నాడు. స్వతంత్ర దేశానికి వడ్డీకి ఇచ్చాడు, బ్రిటిషువారికి ఊరికే ఇచ్చాడు.

కొడుకులిద్దరూ 1931లో ఫ్రాన్సులోని నీస్ దాకా వెళ్లి పెళ్లిళ్లు చేసుకొచ్చినా ఆయన ఆ పెళ్లిళ్లకు వెళ్లలేదు. తన పేరున్న ఓడనూ చూడలేదు. 1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో కన్నుమూశాడు. అంతిమయాత్రకు జనం ఇసక వేస్తే రాలనంతగా వచ్చారు. కింగ్ కోఠీకి ఎదురుగా ఉన్న మసీదె జూదీలో, తల్లి సమాధి పక్కన ఆయనను ఖననం చేశారు.